పేరు మార్చుకున్న ఎల్‌ఎస్‌డీ: 1పీ కెమిస్ట్రీ, దాని వెనకాల పరిగెడుతున్న చట్టం

చిటికెన వేలి గోరంత కాగితం ముక్క, దాని మీద ఏదో రంగుల బొమ్మ. ప్యాకెట్ మీద మాత్రం బుద్ధిగా "రీసెర్చ్ కోసం మాత్రమే, మనుషులు తీసుకోడానికి కాదు" అని రాసి ఉంటుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఇది కూడా. ల్యాబ్‌లో వాడే కెమికల్‌ని ఎవరూ బొమ్మలేసిన కాగితాలకి అద్ది ముక్కలు ముక్కలుగా అమ్మరు కదా. ఆ లేబుల్ కొనేవాడి కోసం రాసింది కాదు, రేపు కోర్టులో చూపించుకోడానికి రాసుకున్నది. దాని కింద ఉండే పేరే మనం మాట్లాడుకోబోయేది, 1పీ-ఎల్‌ఎస్‌డీ, భ్రాంతులు తెప్పించే ఎల్‌ఎస్‌డీ అనే నిషేధిత మత్తుమందుకి దగ్గరి చుట్టం. సుమారు 2015 నుంచి యూరప్ మార్కెట్లో "లీగల్ ఎల్‌ఎస్‌డీ" అన్న పేరుతో తిరిగిన సరుకు.

లీగల్ అన్న మాట ఎంతవరకు నిజం, ఎల్‌ఎస్‌డీ అన్న మాట ఎంతవరకు నిజం అని విడదీసి చూస్తే ఒక తమాషా బయటపడుతుంది. చట్టం చూసేది అణువు పేరుని, ఆకారాన్ని. ఒంటికి పేర్లతో పని లేదు, లోపలికి వెళ్ళాక రిసెప్టర్ (కణం మీద మందు వచ్చి అతుక్కునే చోటు) దాకా చేరింది ఏంటన్నదే దాని లెక్క. ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ కలవవు, 1పీ బతికింది సరిగ్గా ఆ సందులోనే.

ముందు అసలు దాని సంగతి. స్విట్జర్లాండ్‌లో బాసెల్ నగరంలో సాండోజ్ కంపెనీ ల్యాబ్, 1938 నవంబర్. ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే కెమిస్టు రై గింజల మీద పట్టే ఎర్గాట్ అనే బూజు నుంచి వచ్చే లైసెర్జిక్ యాసిడ్‌తో వరసగా కాంపౌండ్లు తయారుచేస్తున్నాడు, అందులో 25వది ఎల్‌ఎస్‌డీ. దాన్ని జంతువుల మీద చూసి పెద్దగా ఏం లేదని పక్కన పడేశారు. ఐదేళ్ళ తర్వాత, 1943 ఏప్రిల్ 16న మళ్ళీ చేస్తుంటే ఆయనకే తెలియకుండా కొంచెం ఒంట్లోకి వెళ్ళింది, ఇదేదో వింతగా ఉందే అని మూడు రోజులాగి 19న కావాలనే 250 మైక్రోగ్రాములు తీసుకున్నాడు. గ్రాములో నాలుగు వేలవ వంతు అన్నమాట, అంత తక్కువలో ఏం జరుగుతుందిలే, జాగ్రత్తగానే మొదలుపెడుతున్నా అనుకున్నాడు పాపం. అసిస్టెంట్‌ని తోడు తీసుకుని సైకిల్ మీద ఇంటికెళ్ళిన ఆ ప్రయాణం గురించి చాలామంది వినే ఉంటారు. నాకు మాత్రం సైకిల్ కంటే ఆ మైక్రోగ్రాముల సంగతే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే మిగతా మందులు చాలావరకు మిల్లీగ్రాముల్లో పనిచేస్తాయి, ఇది అందులో వెయ్యో వంతు కొలతలో పనిచేస్తుంది, తర్వాత వచ్చిన చట్టం గొడవల్లో సగం ఆ కొలత వల్ల వచ్చినవే.

ఇప్పుడు అణువులోకి దిగుదాం, కొంచెం ఓపిక పట్టండి. ఎల్‌ఎస్‌డీ అంటే నాలుగు రింగులు అతుక్కున్న ఒక గట్టి చట్రం. అందులో ఒక పక్క ఇండోల్ అనే జంట రింగు ఉంటుంది, మన మెదడులో కణాల మధ్య కబుర్లు మోసే సెరోటోనిన్‌లో కూడా ఉండేది ఇదే, అందుకే సెరోటోనిన్ కూర్చునే చోట ఇదీ కూర్చోగలదు. ఆ ఇండోల్‌లో ఒక నైట్రోజన్ ఉంటుంది, కెమిస్టులు దాన్ని 1వ స్థానం అంటారు. మామూలు ఎల్‌ఎస్‌డీలో ఆ నైట్రోజన్‌కి ఒక హైడ్రోజన్ తగిలి ఉంటుంది, అంతే. ఆ హైడ్రోజన్ తీసేసి అక్కడ ప్రోపియోనిల్ అనే మూడు కార్బన్ల తోక తగిలిస్తే అదే 1పీ-ఎల్‌ఎస్‌డీ. పేరులో 1 అంటే స్థానం, పీ అంటే ప్రోపియోనిల్. మిగతా చట్రం మొత్తం అలాగే ఉంటుంది.

ఆ తోక చేసే పని ఏంటంటే, నిజానికి అడ్డం పడటం. ల్యాబ్‌లో రిసెప్టర్ల మీద నేరుగా పెట్టి చూసినప్పుడు 1వ స్థానంలో ఇలాంటి గుంపు ఉన్న అణువులు ఎల్‌ఎస్‌డీ కంటే బాగా బలహీనంగా అతుక్కున్నాయి. మరి బలహీనమైనది ఒంట్లో ఎలా పనిచేస్తుంది? అదే 1పీని మనిషి రక్తం నుంచి తీసిన సీరమ్‌లో వేసి ఒంటి వేడి దగ్గర ఉంచితే ఆ తోక తెగిపోయి ఎల్‌ఎస్‌డీ బయటికొచ్చింది. రక్తంలో, లివర్‌లో ఇలాంటి బంధాల్ని కోసే ఎంజైములు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి, వాటికి ఇది ఇంకో ముక్క, కోసేస్తాయి. ఎలకల మీద చూసినప్పుడు కూడా సైకెడెలిక్స్ (ఎల్‌ఎస్‌డీ లాగా భ్రాంతులు తెప్పించే మందులు) ఇచ్చినప్పుడు అవి తల విదిలించే విదిలింపు 1పీతోనూ వచ్చింది, కాకపోతే ఎల్‌ఎస్‌డీ కంటే ఎక్కువ మోతాదు కావాల్సొచ్చింది.

ఇలాంటి వాటిని ప్రోడ్రగ్ అంటారు, ఒంట్లోకెళ్ళాక మందుగా మారేది అని. ఇదేమీ దొంగ విద్య కాదు, బీపీకి వాడే ఎనాలాప్రిల్ ప్రోడ్రగ్గే, లివర్‌లో ఒక ముక్క తెగాకే అది పనిచేసే మందవుతుంది. దగ్గు మందుల్లో వినపడే కోడీన్ కొంత మార్ఫిన్‌గా మారాకే నొప్పి తగ్గిస్తుంది. మందుల కంపెనీలు ఒంట్లోకి బాగా ఇంకాలని చేసే పనిని ఇక్కడ చట్టం కంట్లో పడకూడదని చేశారు, తేడా అంతే.

సరే, ఎల్‌ఎస్‌డీగా మారింది, తర్వాత? మెదడు పైపొరలో ఉండే న్యూరాన్ల మీద 5-హెచ్‌టీ2ఏ అనే సెరోటోనిన్ రిసెప్టర్ ఉంటుంది, కథంతా అక్కడే. ఆ రిసెప్టర్‌ని కేటాన్సెరిన్ అనే మందుతో ముందే మూసేసి తర్వాత ఎల్‌ఎస్‌డీ ఇచ్చిన ప్రయోగాలున్నాయి, వాళ్ళకి ఆ అనుభవం దాదాపు రానే రాలేదు. కాబట్టి తాళం ఇదే అన్నది ఖాయం. కానీ ఒక చిక్కుముడి చాలాకాలం అలాగే ఉండిపోయింది. రక్తంలో ఎల్‌ఎస్‌డీ సగానికి తగ్గడానికి సుమారు మూడు గంటలే పడుతుంది, ప్రభావం మాత్రం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంటుంది, మందు పోతుంటే మత్తు ఎందుకు పోదు?

దీనికి 2017లో అమెరికాలోని నార్త్ కరొలైనా యూనివర్సిటీలో బ్రయన్ రాత్ ల్యాబ్ వాళ్ళు ఒక మంచి జవాబు చూపించారు. ఎల్‌ఎస్‌డీ కూర్చుని ఉన్న రిసెప్టర్‌ని స్ఫటికంగా మార్చి ఎక్స్‌రేలతో ఆకారం తీశారు. అది 2ఏ కాదు, దాని పక్కింటిదైన 2బీ, కానీ రెండూ అన్నదమ్ముల్లాంటివే. చూస్తే ఏముందంటే, ఎల్‌ఎస్‌డీ గుంతలోకి దిగాక రిసెప్టర్ పైభాగంలో ఉండే ఒక లూపు దాని మీదకి మూతలా వాలిపోయి ఉంది. సెరోటోనిన్ వస్తుంది, తట్టి వెళ్ళిపోతుంది, ఎల్‌ఎస్‌డీ మాత్రం మూతకింద ఇరుక్కుని గంటల తరబడి అక్కడే. ఆ మూతలో ఒక్క అమైనో యాసిడ్ మార్చి దాన్ని వదులు చేస్తే ఎల్‌ఎస్‌డీ తొందరగా బయటికొచ్చేసింది, దాంతోపాటు రిసెప్టర్ లోపలికి పంపే సిగ్నల్స్‌లో ఒక రకం బాగా తగ్గిపోయింది. రక్తం రిపోర్టులో సగం పోయింది అని ఉన్నా మూతకింద ఉన్నది మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుందన్నమాట. (ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నేను ప్రెషర్ కుక్కర్ మూత అనుకున్నా, ఇప్పటికీ అలాగే గుర్తుంది.)

ఒంటి మీద ప్రభావం విషయానికొస్తే కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె వేగం, బీపీ కొంచెం పెరుగుతాయి, వెంటనే మళ్ళీ తీసుకుంటే పెద్దగా పనిచేయదు, ఎందుకంటే రిసెప్టర్లే తగ్గిపోతాయి, హెరాయిన్ లాంటి ఒంటి బానిసత్వం కూడా దీనికి రాదు. అలాగని పూలపాన్పు కూడా కాదు. ఇంట్లో సైకోసిస్, బైపోలార్ ఉన్నవాళ్ళకి ఇది నిద్రపోతున్న జబ్బుని లేపే ప్రమాదం ఉంది, బైపోలార్‌కి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్ళలో ఫిట్స్ వచ్చిన కేసులు రిపోర్ట్ అయ్యాయి, కొంతమందికి మందు దిగిపోయాక కూడా నెలల తరబడి కంటిముందు మరకలు, వెలుగు చారలు కనపడే సమస్య మిగిలిపోతుంది. భయం పట్టుకున్న ఆ పన్నెండు గంటల్లో మనిషి రోడ్డు మీదకో మేడ మీదకో వెళ్తే జరిగే ప్రమాదం ఏ రిసెప్టర్ లెక్కలోనూ రాదు. 1పీ ఒంట్లో ఎల్‌ఎస్‌డీయే అవుతుంది కాబట్టి ఇవన్నీ దానికీ వర్తిస్తాయి, "లీగల్‌ది కాబట్టి మైల్డ్‌గా ఉంటుంది" అన్నది ఉత్త మాట.

ఇక చట్టం. 1971 ఐక్యరాజ్యసమితి సైకోట్రోపిక్ ఒప్పందంలో ఎల్‌ఎస్‌డీ అన్నిటికంటే కఠినమైన మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాన్ని పట్టుకునే ప్రపంచంలో చాలా దేశాలు తమ తమ చట్టాలు రాసుకున్నాయి. ఆ ఒప్పందం పనిచేసే పద్ధతి లిస్టు పద్ధతి, పేరు రాసి ఉంటే నిషేధం, లేకపోతే లేదు. 1పీని తయారుచేసినవాడు దొరికించుకున్నది ఇదే.

కానీ వాడు కొత్తగా కనిపెట్టిందేం లేదు. ప్రోపియోనిల్ బదులు దానికంటే ఒక కార్బన్ తక్కువ ఉన్న అసిటైల్ తగిలిస్తే వచ్చేది ఏఎల్‌డీ-52, దాన్ని సాండోజ్ వాళ్ళే 1950ల్లో చేశారు. అమెరికాలో ఆరెంజ్ సన్‌షైన్ అనే పేరుతో లక్షల కొద్దీ మాత్రలు తయారుచేసిన టిమ్ స్కల్లీ, నిక్ శాండ్ 1973లో కోర్టుకెక్కినప్పుడు వాళ్ళ వాదన ఏంటో తెలుసా, "మేం చేసింది ఎల్‌ఎస్‌డీ కాదు, ఏఎల్‌డీ-52, అది లిస్టులో లేదు" అని. కోర్టు ఒప్పుకోలేదు, ఇద్దరికీ శిక్ష పడింది. అంటే 2015లో కొత్త ఐడియాగా మార్కెట్‌లోకి వచ్చింది నలభై ఏళ్ళ కిందటే ఒకసారి కోర్టులో ఓడిపోయిన ఐడియా. చరిత్ర చదివే ఓపిక అమ్మేవాడికీ లేదు, కొనేవాడికీ లేదు.

జర్మనీలో జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాళ్ళు పేర్లు రాసుకుంటూ పోతే కుదరదని 2016లో కొత్త సైకోయాక్టివ్ పదార్థాల చట్టం తెచ్చారు, అందులో పేర్లు కాదు, కుటుంబాలు ఉంటాయి, ఫలానా చట్రం, దానికి ఫలానా చోట ఫలానా తోకలు తగిలితే నిషేధం అని. 2019లో ఆ లిస్టు పెంచినప్పుడు 1పీ అందులోకి వచ్చేసింది. వెంటనే మార్కెట్లో 1సీపీ-ఎల్‌ఎస్‌డీ ప్రత్యక్షం, అదే చట్రం, అదే చోటు, తోక మాత్రం సైక్లోప్రొపేన్ రింగుది, చట్టంలో రాసిన తోకల్లో అది లేదు. 2021లో దాన్ని కలిపారు. 1వీ వచ్చింది, ఈసారి ఐదు కార్బన్ల తోక. 2022లో దాన్నీ కలిపారు. ఇంకోటి వచ్చింది. దొంగా పోలీసు ఆటలో ఇక్కడ దొంగే ముందు ఏ సందులోకి వెళ్ళాలో చూసుకుంటాడు, పోలీసు ఆ సందు మూసేలోపు పక్క సందులో ఉంటాడు. ఇంకో విషయం, ఆ చట్టం కింద అమ్మడం, తయారుచేయడం, దిగుమతి చేయడం నేరం, ఉత్తినే దగ్గర పెట్టుకోవడం నిషేధమే కానీ దానికి జైలు శిక్ష లేదు, పట్టుకుంటే లాక్కుంటారు. అసలు ఎల్‌ఎస్‌డీ అయితే వేరే నార్కోటిక్స్ చట్టం, అక్కడ దగ్గర పెట్టుకున్నా నేరమే. ఒంట్లో ఒకే మందుగా మారే రెండు కాగితాలకి రెండు చట్టాలు.

బ్రిటన్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. 2015 జనవరిలో ఏఎల్-లాడ్, ఎల్‌ఎస్‌జెడ్ అనే రెండు ఎల్‌ఎస్‌డీ చుట్టాల్ని పేరుపెట్టి అన్నిటికంటే కఠినమైన క్లాస్ ఏలో పడేశారు, కానీ ఇలా ఒక్కోదాన్నీ పట్టుకోవడం అయ్యే పని కాదని 2016లో మొత్తం బల్లే తిరగేశారు. ఆకారం కాదు ప్రభావమే లెక్క, మెదడు మీద పనిచేసి మనిషి మానసిక స్థితిని మార్చేది ఏదైనా సరే అమ్మితే నేరం అన్నారు. వినడానికి బాగుంది కానీ ఆ లెక్కన టీ, కాఫీ, సిగరెట్, మందు అన్నీ నేరమే అవ్వాలి, అందుకే చట్టంలోనే కెఫీన్‌కి, నికోటిన్‌కి, ఆల్కహాల్‌కి విడిగా మినహాయింపు రాసుకోవాల్సొచ్చింది. నా మటుకు నాకు ఈ మినహాయింపుల లిస్టే ఆ చట్టం గురించి ఎక్కువ చెబుతుందనిపిస్తుంది.

అమెరికాది మూడో దారి, 1986 నాటి అనలాగ్ చట్టం. షెడ్యూల్‌లో ఉన్న మందుకి ఆకారంలో "గణనీయమైన పోలిక" ఉండి, ప్రభావంలోనూ అలాగే ఉండి, మనుషులు తీసుకోడానికే ఉద్దేశించి ఉంటే దాన్ని ఆ మందుగానే చూస్తారు. "మనుషులు తీసుకోడానికి కాదు" అన్న లేబుల్ ఎక్కడి నుంచి పుట్టిందో ఇప్పుడర్థమైందా, ఈ చివరి ముక్క నుంచి. అయితే గణనీయమైన పోలిక అంటే ఎంత? ఇద్దరు కెమిస్టుల్ని బోనెక్కిస్తే ఇద్దరూ రెండు మాటలు చెబుతారు. 2015లో మెక్‌ఫాడెన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇంకో మెలిక పెట్టింది, అమ్మినవాడికి అది నిషేధిత పదార్థమనో, లేదా దాన్ని అనలాగ్‌గా చేసే లక్షణాలో తెలిసి ఉండాలి, అది ప్రాసిక్యూషన్ నిరూపించాలి అని.

పోలిక అనే మాట ఎంత జారుడుబండో చెప్పడానికి రెండు అణువులు చాలు. ఎల్‌ఎస్‌డీ 2వ స్థానంలో ఒక్క బ్రోమిన్ పెడితే బీఓఎల్-148 వస్తుంది, కాగితం మీద చూస్తే కవల పిల్లలు, దాంతో మాత్రం భ్రాంతులు రావు. లిసురైడ్ అని పార్కిన్సన్స్‌కి వాడిన మందుంది, అది కూడా ఇదే చట్రం, అదే 2ఏ రిసెప్టర్‌ని కదిలిస్తుంది కూడా, అయినా సైకెడెలిక్ కాదు. మరి ఎన్‌బోమ్ అనే కృత్రిమ మత్తుమందుల కుటుంబం చూడండి, ఎల్‌ఎస్‌డీ చట్రంతో వాటికి ఏ చుట్టరికమూ లేదు, కానీ అదే రిసెప్టర్ మీద భయంకరమైన బలంతో పనిచేస్తాయి. ఆకారం చూసి గుణం చెప్పడం అంటే ఇంటిపేరు చూసి మనిషి స్వభావం చెప్పడం లాంటిది, ఒక్కోసారి కలుస్తుంది.

తూకం గొడవ ఇంకా విచిత్రం. 1991లో చాప్‌మన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ముందున్నది వెయ్యి డోసుల కాగితాలు, అందులో అసలు ఎల్‌ఎస్‌డీ సుమారు 50 మిల్లీగ్రాములు, కాగితంతో కలిపి 5.7 గ్రాములు. ఐదేళ్ళ తప్పనిసరి శిక్షకి గీత 1 గ్రాము దగ్గర ఉంది. కాగితం బరువు కలపాల్సిందే అంది కోర్టు. అదే మందు కాగితం మీద కాకుండా చిన్న సీసాలో ఏమీ కలపకుండా ఉంటే ఆ గీత దరిదాపుల్లోకి కూడా రాదు. అంటే శిక్ష మందుకి కాదు, కాగితానికి పడినట్టు. తర్వాత 1993లో శిక్షల మార్గదర్శకాల్లో డోసుకి 0.4 మిల్లీగ్రాములు అని ఒక లెక్క పెట్టి కొంత సర్దారు, చట్టంలోని తప్పనిసరి శిక్షల దగ్గర మాత్రం పాత లెక్కే నిలిచింది. ఇండియాలో 1985 ఎన్‌డీపీఎస్ (మాదక ద్రవ్యాల) చట్టం కింద ఎల్‌ఎస్‌డీకి చిన్న పరిమాణం 0.002 గ్రాములు, కమర్షియల్ పరిమాణం 0.1 గ్రాము, కమర్షియల్ అయితే పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు. చాప్‌మన్ కేసులోని కాగితాల్నే ఈ తక్కెడలో వేసి చూడండి. కాగితంతో కలిపి తూస్తే 18 ముక్కలకే 0.1 గ్రాము దాటుతుంది, మందు ఒక్కటే తూస్తే రెండు వేల ముక్కలు కావాలి. 2020లో హీరా సింగ్ కేసులో భారత సుప్రీంకోర్టు మత్తు పదార్థంలో కలిసిన మామూలు పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని తేల్చింది, మరి కాగితం అంటే కలిసిన పదార్థమా లేక మోసే పాత్రా అన్నది వకీళ్ళు వాదించుకునే వ్యవహారం. పద్దెనిమిదికీ రెండు వేలకీ మధ్య ఉన్న మనిషి జీవితం ఆ ఒక్క ప్రశ్న మీద వేలాడుతుంది.

ఇన్ని చట్టాల మధ్య చెట్టు పేరు చెప్పి కాయలమ్మేవాడికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. 1డీ-ఎల్‌ఎస్‌డీ అని అమ్మిన కాగితాల్ని ల్యాబ్‌లో పరీక్షిస్తే అందులో ఆ తోకే లేదు, 1టీ అనే వేరే అణువు ఉంది, మరి లేబుల్ మీద ఫార్ములా బొమ్మతో సహా అంత వివరంగా రాసిందెవరు? అది చిన్న మోసం. పెద్ద మోసం ఇంతకు ముందు చెప్పిన ఎన్‌బోమ్‌ది. 25ఐ-ఎన్‌బోమ్‌ని 2003లో బెర్లిన్‌లో రిసెప్టర్ల పరిశోధన కోసం తయారుచేశారు, కొన్నేళ్ళకి అది ఎల్‌ఎస్‌డీ పేరుతో కాగితాల మీదకి ఎక్కింది. ఎల్‌ఎస్‌డీ విషప్రభావంతో నేరుగా చనిపోవడం చాలా అరుదు, ఎన్‌బోమ్‌లతో మాత్రం ఫిట్స్, విపరీతమైన ఒంటి వేడి, కిడ్నీలు దెబ్బతినడం, చావులు జరిగాయి. 2013లో అమెరికా, 2015లో ఐక్యరాజ్యసమితి వాటిని మొదటి షెడ్యూల్‌లో పెట్టాయి. కాగితం చూసి రెండిటికీ తేడా చెప్పడం కంటితో అయ్యే పని కాదు. నాలుక మీద చేదుగా ఉంటే ఎల్‌ఎస్‌డీ కాదు అని ఒక మాట తిరుగుతుంది, చేదు లేనంత మాత్రాన అందులో ఏముందో తెలిసినట్టు కాదు.

అందుకే ఎవరికైనా ఇలాంటిది తీసుకున్నాక ఒళ్ళు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, పొంతనలేకుండా మాట్లాడుతున్నా ఆస్పత్రిలో దాచకుండా చెప్పాలి, ప్యాకెట్ ఉంటే తీసుకెళ్ళాలి. డాక్టర్ మొదట చేసేది వెలుతురు, చప్పుడు తగ్గించి మనిషిని నెమ్మదింపజేయడం, అవసరమైతే బెంజోడయజెపైన్ అనే ఆందోళన తగ్గించే మందు ఇవ్వడం, ఒంటి వేడి, బీపీ కనిపెట్టుకుని ఉండటం. ప్యాకెట్ మీది పేరుని ఆయన సగమే నమ్ముతాడు, నమ్మకపోవడమే మంచిది.

ఇంకో మాట. 1పీ తీసుకున్నవాళ్ళ రక్తం, మూత్రం పరీక్షించిన ప్రయోగంలో నోటితో తీసుకున్నాక 1పీ ఎక్కడా దొరకలేదు, దొరికింది ఎల్‌ఎస్‌డీ, అది విరిగాక వచ్చే ముక్కలు. "నేను తీసుకుంది లిస్టులో లేని దాన్ని సార్" అని చెప్పేవాడి చేతిలో ఉండే ల్యాబ్ రిపోర్టులో లిస్టులో ఉన్న పేరే రాసి ఉంటుంది.